ఫుల్ థ్రాటిల్, పదిహేను నిమిషాలు

3 ఫిబ్రవరి

స్పానరూ,

నా ఒంట్లో బాగానే ఉంది, మోకాలు తప్ప. మోకాలి పురాణమంతా మీ అమ్మకి విడిగా రాశాను, కావాలంటే అక్కనే అడుగు. ఈ ఉత్తరం లాంచీ గురించి.

అమ్మేస్తున్నాను. కంగారు పడకుండా చివరిదాకా చదువు. కొనేది ఇక్కడ ఫెర్రీలు నడిపే ఆవిడ. అవతలి ఒడ్డున ఉన్న ఫ్యాక్టరీకి, బడికి జనాన్ని దాటించే లాంచీలు ఆవిడకి రెండున్నాయి, మూడోది కావాలిట. వచ్చి నా ఇంజను గది చూసి, ఇది ఇంజను గదో వంటగదో తెలియడం లేదంది. అసలు సంగతి ఇంకా ఉంది. లాంచీతో పాటు నన్నూ ఉంచుకుంటానంది, సరంగుగా. అంటే లాంచీ ఆవిడ పేరు మీద ఉంటుంది, చక్రం మాత్రం నా చేతుల్లోనే ఉంటుంది. అరవై మూడేళ్లకి నాకింకేం కావాలి చెప్పు. నా ఒక్కడి చేతులతో దాన్ని ఇంకో ఏడాది కూడా నిలబెట్టలేను. ఈ బేరం చెడితే అది రేవులో తుప్పు పడుతుంది, నేను ఒడ్డున తుప్పు పడతాను.

ఒక్కటే పేచీ. కొనేముందు ఇంజన్ల మీద రిపోర్టు కావాలంది. ఎవరిచేత అంటే నీ సంగతి చెప్పాను. పెద్ద యార్డులో ఇంజన్లు పరీక్షించే ఆ అమ్మాయి నా మేనకోడలేనండీ, అయినా మొహమాటం అన్న మాట దాని ఇంటా వంటా లేదు అన్నాను. ఆవిడ ఇదివరకు నీ రిపోర్టులు చూసిందిట. వెంటనే ఒప్పుకుంది.

నా ఇంజన్లు నీకు కొత్తవా? నువ్వు మొదటిసారి చేతులకి గ్రీజు పూసుకున్నది వాటి దగ్గరే. పదహారేళ్లలో ముప్పావు వేగం దాటించి ఎరగను. రెండు ముక్కలు రాసి సంతకం పెట్టి పంపించు, చాలు.

ఫోన్ చెయ్యకు. ఇక్కడ సిగ్నల్ దరిద్రంగా ఉంది.

మామయ్య


9 ఫిబ్రవరి

మామయ్యకి,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. లాంచీ మాట వినగానే కళ్లు తుడుచుకుంది, సరంగు ఉద్యోగం మాట వినగానే నవ్వింది. "వాడికి కావలసింది ఉద్యోగం కాదే, ఆ చక్రం" అంది. నాకూ సంతోషంగానే ఉంది. ఈ సంతోషం ఇక్కడితో ఆపి పనిలోకి వస్తాను.

రెండు ముక్కలు రాసి సంతకం పెట్టడం కుదరదు. చూడకుండా సంతకాలు పెట్టేదాన్నైతే ఈపాటికి ఈ యార్డు నాదయ్యేది. ఇంజన్లు రెండింటినీ నడిసముద్రంలో ఫుల్ థ్రాటిల్‌లో పదిహేను నిమిషాలు నడపాలి. లీవర్లు చివరికంటా తొయ్యాలి, మధ్యలో తగ్గించకూడదు. ముప్పావు వేగంలో ప్రతి ఇంజనూ బుద్ధిమంతుడే మామయ్యా. కంపెనీ వాడు చెప్పిన నిమిషానికి 2300 చుట్లు అందుకుంటుందా, నీళ్ల వేడి ఒకచోట నిలబడుతుందా, పొగ నల్లబడుతుందా అన్నది చివరికంటా తోస్తేనే బయటపడుతుంది. ఇది సరదాగా తిరిగే పడవ కాదు. ఏదో ఒక రోజు ఎదురుగాలిలో, జనంతో, ఆ చివరి పావు వేగం కావలసివస్తుంది. లేదని ఆ రోజు తెలిస్తే ఎవరికి ఉపయోగం?

నేను రాలేను. డాకులో మూడు ఓడల ఇంజన్లు విప్పి కూర్చున్నాం. నాకు బదులు ఆవిడ మెకానిక్కు నీతో వస్తాడు. ఇందులో ఒక పట్టిక పెట్టాను. నిమిషనిమిషానికీ చుట్లు, నీళ్ల వేడి, ఆయిల్ ప్రెషరు అతను రాయాలి. అది చూసి నేను రిపోర్టు రాస్తాను.

నాలుగేళ్లుగా నీకు సిగ్నల్ దరిద్రమే. మీ పక్కింటివాళ్లు సినిమాలు చూసే ఫోను నీ ఇంటి గోడ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు చచ్చిపోతుందో నాకు అర్థం కాదు.

స్పానర్


16 ఫిబ్రవరి

స్పానరూ,

నీ పట్టిక అందింది. బాగా గీశావు. నాకు మాత్రం అక్కర్లేదు.

పదహారేళ్లు కడుపులో పెట్టుకుని చూసుకున్న ఇంజన్లవి. అమ్మే ముందురోజు వాటి గొంతు మీద కాలేసి తొక్కమంటావు. ఎవడో ముక్కూమొహం తెలియనివాడి ఇంజను అయితే నీ పద్ధతి సబబే, కాదనను. ఇవి నావి. ఏ బోల్టు ఎప్పుడు బిగించానో డైరీలో ఉంది. ఆ డైరీ పంపుతాను, అది చూసి రాయి. లేదా ఫుల్ థ్రాటిల్ రెండు నిమిషాలు చాలనుకుందాం. లేదా రేవులో కట్టేసి ఉంచి తిప్పుదాం. లేదా వచ్చేనెల నీ ఓడలు అయ్యాక నువ్వే వచ్చి లీవరు పట్టుకో, నేను పక్కన నిలబడతాను.

ఆ మెకానిక్కు విషయం. నిన్న వచ్చాడు. బట్టతల మనిషి. గంటన్నర నా పక్కనే ఉన్నాడు, పెదాలు కదిలీ కదలనట్టు ఏదో గొణగడం తప్ప నోరు విప్పి ఒక్క మాట అనలేదు. మూగనోము పట్టినట్టున్నాడు. అలాంటివాణ్ణి పక్కన పెట్టుకుని సముద్రం మీద ఫుల్ స్పీడులో పోవాలంటే నాకు మనస్కరించడం లేదు.

ఇంటి పైకప్పు వంటింటి మూల కారుతోంది. గిన్నె పెట్టాను. గిన్నె నిండి పొర్లింది చూడక పొద్దున్నే జారిపడబోయాను. ఇదీ నా బతుకు, నువ్వేమో పట్టికలు పంపు.

మామయ్య


22 ఫిబ్రవరి

మామయ్యా,

తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తోంది. ఈ యార్డులో గోడలన్నీ రేకులే, అందుకే ఆగాను.

ఒక్క ఉత్తరంలో నాలుగు సాకులు రాశావు. రేవులో కట్టేసి తిప్పితే పరీక్ష కాదు, రెండు నిమిషాలు నడిపితే నీళ్లు వేడెక్కడం కూడా మొదలవ్వదు. ఇవి నేను నీకు చెప్పడమేమిటి, నాకు నేర్పిందే నువ్వు. వచ్చేనెలదాకా ఆగడానికి ఆవిడ సిద్ధంగా లేదు. మొన్న యార్డుకి ఫోన్ చేసి, మీ మామయ్య రోజు వాయిదా వేస్తూ పోతున్నాడు, ఇంజన్లలో ఏమైనా ఉందా అని నన్నే అడిగింది. నాకు ఎలా ఉంటుందో ఆలోచించు. పక్కన మా యజమాని కూర్చుని ఉన్నాడు.

ఒక మాట సూటిగా అడుగుతాను. ఏమైనా దాస్తున్నావా? ఇంజను హెడ్డులో పగులు కానీ, ఇంకేదైనా కానీ. ఉంటే ఇప్పుడే చెప్పు. దాచి అమ్మితే మాత్రం నేను నీ వైపు ఉండను.

లేదంటావా, అయితే వచ్చే సోమవారం లోపల కానిచ్చెయ్యి. నీ సంగతి నాకు తెలుసు, ఇంజను కాస్త గట్టిగా అరవగానే చెయ్యి లీవరు మీదకి పోతుంది. పోనివ్వకు. పదిహేను నిమిషాలు అయ్యేదాకా నీ మనసు ఎంత పీకినా, ఎవరేమన్నా, లీవర్లు ముట్టుకోకు. చూపు నీళ్ల మీద పెట్టి తిన్నగా పోనియ్. అంకెల సంగతి మెకానిక్కు చూసుకుంటాడు.

స్పానర్


4 మార్చి

స్పానరూ,

అయిపోయింది. నీ కోరిక తీరింది.

సోమవారం పొద్దున్న వెళ్లాం. ఆవిడ వెనక బల్ల మీద కూర్చుంది. మూగనోము కింద ఇంజను గదిలో, చెవులకి డిప్పలు పెట్టుకుని, నీ పట్టికతో. సముద్రం అద్దంలా ఉంది. రెండు లీవర్లూ చివరికంటా తోశాను. దాని ముక్కు లేచింది చూశావూ, పదహారేళ్లలో నేను ఆ పరుగు చూడలేదు. నిజం చెప్పొద్దూ, ఇన్నాళ్లూ ఎందుకు చూడలేదా అనిపించింది. నువ్వు చెప్పినట్టే చూపు నీళ్ల మీదే పెట్టాను. వలలకి కట్టిన తేలుబుర్రలు అక్కడక్కడా ఉన్నాయి, ఆ వేగంలో కళ్లు పక్కకి తిప్పితే అంతే సంగతులు.

పన్నెండో నిమిషమో ఏమో, మూగనోము మెట్లెక్కి పరుగెత్తుకొచ్చి నా భుజం మీంచి చెయ్యి చాపి లీవర్లు రెండూ వెనక్కి లాగేశాడు. నేను వాడి చెయ్యి తోసేశాను. పదిహేను నిమిషాలు కాలేదయ్యా, మా మేనకోడలు ఒప్పుకోదు అన్నాను. వాడు నా వంక పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. కుడి ఇంజను వేడెక్కిందిట. ఆవిడ ఒడ్డుకొచ్చేదాకా మొహం ముడుచుకుని కూర్చుంది. దిగాక ఒక దండం పెట్టి వెళ్లిపోయింది. అంతే, ఆ తర్వాత కబురు లేదు.

నువ్వు ముట్టుకోవద్దన్నావు, నేను ముట్టుకోలేదు. ఇంతకంటే నీ మాట ఎవడు వింటాడో చెప్పు. పట్టిక మూగనోము పంపుతాడు.

మామయ్య


9 మార్చి

మామయ్యా,

పట్టిక వచ్చింది. మూడుసార్లు చూశాను. నమ్మలేక మా యజమానికి చూపించాను.

ఎడమ ఇంజను 2310 చుట్లు, 84 డిగ్రీల దగ్గర చివరిదాకా కదలలేదు. కుడిది ఏడో నిమిషందాకా అదే లెక్క. ఎనిమిదికి 91. తొమ్మిదికి 97. పదికి 102. పదకొండుకి 106. చుట్లు మాత్రం తగ్గలేదు, అంటే లీవరు నువ్వు కదపలేదు. 95 దాటితే సైరన్ మోగుతుంది మామయ్యా. ఆ సైరన్ పెట్టింది నేనే, చక్రం పక్కనే, నీ తలకి రెండడుగుల దూరంలో. చచ్చినవాణ్ణి లేపుతుందని నువ్వే అన్నావు. మెకానిక్కు చెవులకి డిప్పలున్నాయి, పైన సైరన్ విని నువ్వే తగ్గిస్తావని చూస్తూ ఉన్నానని పట్టిక కింద రాశాడు. ఆవిడ, మోగుతోంది కదా, సరంగుకి తెలియదా, పరీక్షలో భాగమేమో అనుకుందిట. మరి నువ్వు?

నేను ముట్టుకోవద్దన్నానని నా మీదకి నెట్టకు. సైరన్ మోగినా ముట్టుకోవద్దని నేను రాయలేదు. అది ఏ సరంగుకీ రాయనక్కర్లేదు.

రాత్రంతా ఆలోచిస్తే నాకొక్కటే తోచింది. నీకు అమ్మడం మొదటినుంచీ ఇష్టం లేదు. సాకులు అయిపోయాయి. కుడి ఇంజను సముద్రపు నీళ్లు లాక్కునే వాల్వు సగం మూసేసి బయల్దేరావు. ఇంజను కాలితే బేరం పోతుంది, తప్పు నా పరీక్ష మీదకి వస్తుంది, లాంచీ నీ దగ్గరే ఉంటుంది. కాదని చెప్పు. కాదని చెబితే నమ్మాలని ఉంది.

అమ్మకి ఇంకా చెప్పలేదు.

నీ మేనకోడలు


14 మార్చి

అవును. మూశాను. నాకు అమ్మడం ఇష్టం లేదు. సరేనా?

నీ రిపోర్టులో అదే రాసుకో. ఇక ఈ విషయం ఎత్తకు.

మామయ్య


20 మార్చి

మామయ్యా,

ఈ ఉత్తరం చింపకుండా చదువు.

మొన్న ఆ మెకానిక్కు ఫోన్ చేశాడు. గంటా పది నిమిషాలు మాట్లాడాడు. నేను ఊ కొట్టడానికి కూడా సందివ్వలేదు. వాళ్లావిడ చేసిన కూర దగ్గరనుంచి ఓడల పెయింటు దాకా అన్నీ చెప్పాడు. ఆయన్నా నువ్వు మూగనోము అన్నావు? "మీ మామయ్యగారు నాతో ముభావంగా ఉన్నారండీ, ఏం మాట్లాడినా సముద్రం వంకే చూస్తారు" అని ఆయన నొచ్చుకున్నాడు. ఆ రోజు మెట్ల మీంచి కేకలేసుకుంటూ వచ్చాడట, నీ వెనక నిలబడి కూడా అరిచాడట. నువ్వు తల తిప్పలేదట.

ఇంకోటి. నీ దగ్గర్నుంచి తీసుకెళ్లిన లాంచీని ఆవిడ మనుషులు ఒడ్డుకెక్కించి చూశారు. వాల్వు పూర్తిగా తెరిచే ఉంది. కుడి ఇంజను నీళ్లు లాక్కునే చోట పాలిథీన్ సంచి అతుక్కుని ఉంది. అంతే. సంచి తీసేసి, మెకానిక్కే చక్రం పట్టుకుని మళ్లీ పదిహేను నిమిషాలు ఫుల్ థ్రాటిల్‌లో నడిపాడు. రెండూ 85 దాటలేదు. చుక్క నల్లపొగ లేదు. మామయ్యా, నేను ఇప్పటిదాకా చూసిన పాత ఇంజన్లలో అంత బాగున్నవి లేవు.

నువ్వు వాల్వు మూయలేదు. మరి మూశానని ఎందుకు రాశావు? దొంగవని అనిపించుకోవడానికైనా ఒప్పుకున్నావు కానీ ఆ ఒక్క మాట చెప్పలేకపోయావు. నీకు వినపడటం లేదు.

నాలుగేళ్లు. నేను ఫోన్ చేస్తే నీకు విసుగనుకున్నాను. అమ్మతో చెప్పుకుని ఏడ్చాను కూడా. ఇప్పుడు నాకు నీ మీద జాలి లేదు, ఒళ్లు మండిపోతోంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇప్పుడొచ్చింది. ఆవిడ లాంచీ కొంటానంది. కాగితం మీద నన్నొక ప్రశ్న అడిగింది: మీ మామయ్యగారిని ప్రయాణికుల లాంచీకి సరంగుగా పెట్టుకోవచ్చా, మీరు రాసిస్తే చాలు అని. రిపోర్టుతో పాటు జవాబు రాయాలి. వారంపైన ఆగమన్నాను. నువ్వేమంటావో చెప్పు.

స్పానర్


27 మార్చి

స్పానరూ,

కుడి చెవి పోయి ఐదేళ్లయింది. ఎడమది కాస్త కాస్తగా పోతూ వచ్చింది. ఇప్పుడు ఇంజను గదిలోకి దిగితే ఏదో ఊరి అవతల తిరుగుతున్నట్టుంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్తే కాగితం రాసిస్తాడు, ఆ కాగితం ఎవడో చూస్తాడు, అందుకని వెళ్లలేదు.

నీకు తెలియనిది ఒకటి చెబుతాను. చక్రం కింద చెక్క మీద అరచెయ్యి పెడితే ముప్పావు వేగంలో ఏ సిలిండరు ఏ మూడ్‌లో ఉందో నాకు తెలుస్తుంది. ఫుల్ థ్రాటిల్‌లో అంతా కలిసిపోయి ఒకటే వణుకు. నాకేమీ తెలియదు. అందుకే వద్దన్నాను. ఇంజన్ల మీద ప్రేమ అని నీకు రాశాను కానీ, భయం.

ఇప్పుడు నేను అడిగేది విను. ఇంతవరకూ నిన్ను ఏమీ అడగలేదు. ఇంజన్ల గురించి ఎంత కావాలంటే అంత రాయి. నా గురించి రాయకు. నేనే ఆ సైరన్ బదులు కళ్ల ఎదురుగా పెద్ద ఎర్రదీపం పెట్టించుకుంటాను, నా డబ్బుతో. ముప్పై ఏడేళ్లలో ఒక్క మనిషికి దెబ్బ తగలనివ్వలేదు. ఆ చక్రం లేకుండా పొద్దున్నే లేచి నేను ఎక్కడికి పోవాలి? అది చెప్పి తర్వాత రాయి.

మామయ్య


2 ఏప్రిల్

మామయ్యా,

రాసేశాను. నకలు ఇందులో పెట్టాను. ముందు నా మాటల్లో చదువు, తర్వాత ఆ కాగితం చదువు.

ఎర్రదీపం గురించి రెండు రోజులు ఆలోచించాను. ఇంజను వేడికి దీపం పెట్టొచ్చు. మంచులో ఎదురొచ్చే పడవ హారన్ కొడితే? వెనక నుంచి ఎవరో పిల్ల నీళ్లలో పడిందని నలభైమంది అరిస్తే, నువ్వు అరచెయ్యి చెక్క మీద పెట్టి తిన్నగా పోతూ ఉంటే? అప్పుడు ఏ దీపం వెలుగుతుంది? జవాబు దొరుకుతుందేమోనని నిజంగా వెతికాను. దొరికితే నీ తరఫున అబద్ధం రాసేదాన్నేమో కూడా. దొరకలేదు.

ఇంజన్ల మీద నాలుగు పేజీలు రాశాను. నీ మీద ఒక్క వాక్యం: "ప్రస్తుత సరంగు ఇంజన్ల సంరక్షణలో సాటిలేనివారు, అయితే వారికి సైరన్ వినిపించలేదు కనుక ప్రయాణికులున్న లాంచీని వారికి అప్పగించరాదని నా అభిప్రాయం." మూడుసార్లు టైపు చేసి చెరిపాను. మా యజమాని వచ్చి, నేను రాస్తాను లేమ్మా అన్నాడు. వద్దన్నాను. నీ గురించి ఆ మాట బయటివాడు రాయడం నాకిష్టం లేదు.

పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలని అడిగావు. అది ఉత్తరంలో తేలేది కాదు. ఈ నెల మూడో ఆదివారం వస్తున్నాను. ఇక్కడ చెవుల డాక్టరు దగ్గర నీకు రోజు తీసుకున్నాను, తిట్టాలనుకుంటే అప్పుడు తిట్టు.

స్పానర్


11 ఏప్రిల్

స్పానరూ,

నకలు చదివాను. నాలుగు పేజీలూ చదివాను, ఆ ఒక్క వాక్యం మాత్రం రోజుకోసారి చదువుతున్నాను. రెండు రోజులు నీ ఉత్తరాలన్నీ పొయ్యిలో పెడదామనుకున్నాను. మూడో రోజు వాక్యంలో తప్పేమైనా ఉందా అని వెతికాను. లేదు. అందుకు ఇంకా కోపంగా ఉంది.

లాంచీ బుధవారం వెళ్లిపోయింది. కొత్త సరంగు నలభైలోపు మనిషి. రేవు దాటగానే లీవర్లు చివరికంటా తోశాడు. ముక్కు లేచింది, పొగ లేదు. జెట్టీ మీద నిలబడి చూశాను. పక్కనున్న మెకానిక్కు ఏదో అంటున్నాడు, పెదాలు చూసి రెండు మాటలు పట్టుకున్నాను. ఇంజను గది బాధ్యత చూసుకోమని ఆవిడ అడిగించింది. ఇప్పుడే చెప్పలేనన్నాను. చక్రం పట్టినవాణ్ణి, కింద కూర్చోవడానికి మనసు రావడం లేదు.

డాక్టరు దగ్గరికి వస్తాను. దారి పొడుగునా నీతో మాట్లాడను, ముందే చెబుతున్నాను.

ఆదివారం నువ్వొచ్చేసరికి నేను వంటింట్లో ఉంటాను. బయట నిలబడి తలుపు కొట్టకు, నాకు వినపడదు. గడియ తీసే ఉంచుతాను, తోసుకుని లోపలికి వచ్చెయ్యి.

మామయ్య